కత్తికి డబ్బుంది, మాత్రకు లేదు: అందరికీ వైద్యంపై ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

ప్రభుత్వమే అందరికీ వైద్యం చేయించాలా వద్దా అన్న మాట వస్తే చాలు, మన దగ్గర అది రెండు నిమిషాల్లో పెద్దాసుపత్రికీ కార్పొరేట్ ఆసుపత్రికీ మధ్య పంచాయితీ అయిపోతుంది. ఒకరు మంచానికి ఇద్దరు పడుకున్న ఫొటో చూపిస్తారు, ఇంకొకరు ఐసీయూ బిల్లు తీస్తారు. రెండూ నిజమే. కానీ ఆ రెంటినీ పక్కపక్కన పెట్టినంత మాత్రాన ఏమీ తేలదు. ఎందుకంటే ఇందులో మూడు వేరువేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. డబ్బు ఎవరు కడుతున్నారు? ఆసుపత్రి ఎవరిది? ఆసుపత్రికి ఆ డబ్బు ఏ లెక్కన ముడుతోంది?

బ్రిటన్‌లో డబ్బు ప్రధానంగా పన్నులది, ఆసుపత్రులూ ప్రభుత్వానివే. అయితే అక్కడి కుటుంబ వైద్యుల, అంటే జీపీల, క్లినిక్కులు ఎక్కువభాగం మొదటినుంచీ ప్రభుత్వంతో కాంట్రాక్టు మీద నడిచే స్వతంత్రమైనవే. కెనడాలో బిల్లు కట్టేది రాష్ట్ర ప్రభుత్వం, డాక్టర్లు మాత్రం సొంత ప్రాక్టీసు చేసుకునేవాళ్ళు. జర్మనీలో 1883 నుంచీ జీతంలో కోతతో నడిచే బీమా నిధులున్నాయి. అమెరికాను పూర్తి ప్రైవేటు అనుకుంటాం గానీ, 1965లో వచ్చిన మెడికేర్‌లో ముసలివాళ్ళ బిల్లు కట్టేది ప్రభుత్వమే. మాజీ సైనికుల ఆసుపత్రులైతే డాక్టరు జీతంతో సహా అన్నీ ప్రభుత్వానివే. కాబట్టి 'ప్రభుత్వ వైద్యం' అని ఎవరైనా అంటే, పై మూడింటిలో దేని గురించి అంటున్నారని ముందు అడగాలి. నేను ఈ రోజు ఎక్కువగా మూడో ప్రశ్న గురించే మాట్లాడతాను. చర్చల్లో దాన్ని ఎవరూ పట్టించుకోరు. రోగికి ఏ వైద్యం అందుతుందో తేల్చేది మాత్రం అదే.

మనకు బాగా తెలిసిన ఆరోగ్యశ్రీతోనే మొదలుపెడదాం. 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. మరుసటి ఏడాదికి ఉమ్మడి రాష్ట్రమంతా విస్తరించింది. తెల్లకార్డున్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే ఇంకో 50 వేలు. తొలిదశలో మధ్యలో ఒక బీమా కంపెనీ ఉండేది. తర్వాతి దశ నుంచి ఆరోగ్యశ్రీ ట్రస్టే ఆసుపత్రులకు నేరుగా చెల్లించడం మొదలుపెట్టింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది. రాష్ట్రం విడిపోయాక పేరు ప్రభుత్వంతోపాటు మారుతూ వచ్చింది, పరిమితి పెరుగుతూ పోయింది. 2023 డిసెంబరులో తెలంగాణ దాన్ని 10 లక్షలు చేసింది, అదే నెలలో ఆంధ్ర 25 లక్షలు చేసింది.

లోపల పని ఎలా నడుస్తుందో ఒక్క కేసుతో చూద్దాం. ఛాతీనొప్పితో వచ్చిన మనిషికి యాంజియోగ్రామ్ తీశారు, స్టెంట్, అంటే మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టం, వేయాలన్నారు. ఆసుపత్రి గుమ్మంలోనే పథకం తరఫున రోగికి సాయపడే ఆరోగ్యమిత్ర డెస్కు ఉంటుంది. కార్డు చూసి ఆన్‌లైన్‌లో నమోదు చేస్తారు, ఫొటో తీస్తారు. ఆసుపత్రి ఈసీజీ, యాంజియో సీడీ, డాక్టరు నోట్సు ఎక్కించి 'ప్రీఆథ్' పెడుతుంది, అంటే ముందస్తు అనుమతి అడుగుతుంది. ట్రస్టు తరఫున కూర్చున్న డాక్టరు వాటిని చూసి అనుమతి ఇస్తారు, లేదా తిప్పికొడతారు, లేదంటే 'క్వెరీ' పెడతారు, అంటే ఇంకా వివరాలు అడుగుతారు. అనుమతి వచ్చాక స్టెంట్ వేస్తారు. డిశ్చార్జి రోజున మందులు, దారిఖర్చులు ఇచ్చి సంతకం తీసుకుంటారు. ఆ తర్వాత స్టెంట్ డబ్బా మీది స్టిక్కరు, డిశ్చార్జి కాగితం జోడించి ఆసుపత్రి క్లెయిము వేస్తుంది. ప్రాణాపాయమైతే ముందు ఫోన్లో చెప్పి చికిత్స మొదలుపెట్టి, కాగితాలు తర్వాత ఎక్కించే వెసులుబాటు ఉంది.

చూడటానికి పకడ్బందీగా ఉంది కదా. ఎక్కడ తెగుతుంది? మొదటిది కార్డు దగ్గర. కొడుకు పెళ్ళయి వేరుపడ్డాడు, కోడలి పేరు పుట్టింటి కార్డులోనే ఉంది, ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా కార్డులో ఇంకోలా ఉంది. రెండోది క్వెరీ. శనివారం సాయంత్రం పడిన క్వెరీకి ఆసుపత్రి సోమవారం జవాబిస్తే, మధ్యలో రోగి బంధువులను 'డిపాజిట్ కట్టండి, అప్రూవల్ వచ్చాక వెనక్కిస్తాం' అంటారు. మూడోది పరీక్షల దశ. జబ్బు పథకం జాబితాలోకి వస్తుందో రాదో తేలేదాకా అయిన స్కానింగుల డబ్బు చాలాచోట్ల రోగి జేబులోంచే పోతుంది. ఆ తర్వాత ఆపరేషను ఉచితంగానే జరుగుతుంది. అందుకే రికార్డులో రోగి ఖర్చు సున్నా, ఇంట్లో అప్పు మాత్రం నిజం.

నాలుగోది బకాయిలు. క్లెయిము ఆమోదమైనా బడ్జెట్ విడుదల కాకపోతే ట్రస్టు చేతిలో ఏమీ ఉండదు. నెలల తరబడి డబ్బు రాకపోతే పెద్ద ఆసుపత్రి తట్టుకుంటుంది, జిల్లా కేంద్రంలోని 50 పడకల ఆసుపత్రి మందుల డీలరుకే జవాబు చెప్పుకోలేదు. దాంతో నెట్‌వర్క్ ఆసుపత్రులు, అంటే పథకంలో చేరిన ఆసుపత్రులు, సేవలు ఆపేస్తాయి. రెండు రాష్ట్రాల్లోనూ ఇది పదేపదే జరిగింది. పరిమితి 25 లక్షలని ప్రకటించడానికి ఒక జీవో చాలు. ఆ మేరకు నెలనెలా నగదు సర్దడం వేరే పని.

ఇక అసలు విషయం, ప్యాకేజీ. ఫలానా ఆపరేషనుకు ఇంత అని ముందే ధర కట్టడం ప్యాకేజీ అంటే. ధర ముందే తెలుసు కాబట్టి ఖర్చు ఎంత తగ్గిస్తే ఆసుపత్రికి అంత మిగులు. అది కొంతవరకు మంచిదే, అనవసరంగా వారం రోజులు పడుకోబెట్టరు. కానీ డబ్బు వచ్చేది ఆపరేషను చేస్తేనే, చేయకపోతే రాదు. కాబట్టి ఏ ప్యాకేజీలో మిగులుంటే దాని కేసులు పెరుగుతాయి. ఏళ్ళ తరబడి ధర పెంచని ప్యాకేజీల రోగులకు 'మా దగ్గర ఆ డాక్టరు లేరు' అనే జవాబు వస్తుంది. గర్భసంచి ఆపరేషన్ల గొడవ గుర్తుండే ఉంటుంది. అనవసరంగా తీసేస్తున్నారని గగ్గోలయ్యాక ఆ చికిత్సను ప్రభుత్వ ఆసుపత్రులకు పరిమితం చేయాల్సి వచ్చింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంమీద 3 శాతం పైచిలుకైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం. ఆ నేరమంతా ఆరోగ్యశ్రీ మీద వేయడం సరికాదు. అంతకు ముందునుంచీ సొంత డబ్బుతో చేయించుకున్నవాళ్ళే ఎక్కువ. కానీ ఉన్న జాడ్యానికి ప్యాకేజీ ఇంకో దారి తెరిచింది.

ఆరోగ్యశ్రీ చేసిన మేలును నేను తక్కువ చేయడం లేదు. పుట్టుకతో గుండెకు రంధ్రమున్న పిల్లలు, కాలిన గాయాలవాళ్ళు, క్యాన్సర్ రోగులు, అంతకుముందు ఆసుపత్రి మెట్లు కూడా ఎక్కలేని కుటుంబాలు చికిత్స పొందాయి. నా అభ్యంతరం దాని ఆకారం మీద. అది కత్తికి డబ్బిస్తుంది, మాత్రకు ఇవ్వదు. స్టెంట్ దాకా రాకుండా ఇరవై ఏళ్ళపాటు ఆపగలిగే బీపీ బిళ్ళ ఆ జాబితాలో లేదు.

ఇప్పుడు దేశం లెక్క చూడండి. కేంద్రం ప్రకటించే జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం 2013-14లో మొత్తం వైద్య ఖర్చులో జనం నేరుగా జేబులోంచి పెట్టింది 64.2 శాతం. 2021-22కి అది 39.4 శాతానికి తగ్గింది. ఈ తగ్గుదల ఎంత నిజమనే దానిమీద ఆర్థికవేత్తల్లో తగాదా ఉంది. తర్వాతి సంవత్సరాల జేబు ఖర్చును 2017-18 నమూనా సర్వే ఆధారంగా అంచనా కట్టారు కాబట్టి. ఆ తగాదా ఎటు తేలినా ఒక విషయంలో అందరిదీ ఒకే మాట: జేబు ఖర్చులో పెద్ద వాటా మందులది, అదీ ఎక్కువగా ఓపీలో, అంటే మంచం ఎక్కకుండా నడిచివెళ్ళి చూపించుకున్నప్పుడు. ఆరోగ్యశ్రీ గానీ, 2018 సెప్టెంబరులో వచ్చిన ఆయుష్మాన్ భారత్ 5 లక్షల బీమా గానీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారికే. డబ్బు పోయే చోటు ఒకటి, మనం అడ్డం కట్టిన చోటు ఇంకొకటి.

దీన్ని వేరేలా చేసిన దేశం థాయ్‌లాండ్. బ్రిటన్ కంటే మనకు అదే దగ్గరి ఉదాహరణ. 2001లో కొన్ని ప్రావిన్సుల్లో మొదలుపెట్టి 2002 కల్లా దేశమంతటా '30 బాట్ల పథకం' తెచ్చారు. ఒకసారి వెళ్తే 30 బాట్లు (థాయ్ కరెన్సీ) కడితే చాలు, చాలా జబ్బులు చూసేవారు. ప్రభుత్వోద్యోగులకు, జీతాల బీమా ఉన్నవారికి వేరే పథకాలుండేవి. మిగిలిన జనమంతా, అంటే మూడొంతులమంది దాకా, దీనిలోకి వచ్చారు. రైతుకూలీలనుంచి, తోపుడుబండ్లవాళ్ళనుంచి నెలనెలా ప్రీమియం వసూలు చేయడం కుదిరేపని కాదని తేల్చుకుని డబ్బంతా పన్నుల్లోంచే పెట్టారు. మనదేశంలో ఈఎస్‌ఐ, అంటే జీతగాళ్ళైన కార్మికుల ఆరోగ్య బీమా, ఎక్కడ ఆగిపోయిందో కూడా ఇదే చెబుతుంది. యజమాని 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం కట్టే పద్ధతి జీతం పట్టీ ఉన్నచోటే నడుస్తుంది. పత్తి ఏరే మనిషికి జీతం పట్టీ ఎవరిస్తారు?

థాయ్ పథకంలో తెలివంతా చెల్లింపు లెక్కలో ఉంది. ఓపీకి తలసరి. ఒక జిల్లా ఆసుపత్రి, దానికింది ఆరోగ్య కేంద్రాలు కలిసి ఒక జట్టు. ఆ జట్టులో నమోదైన ప్రతి మనిషికీ ఏడాదికి ఇంత అని ముందే ఇస్తారు, మొదట్లో ఇది అన్నీ కలిపి తలకు 1,202 బాట్లు. మనిషి వచ్చినా రాకపోయినా డబ్బు అంతే. కాబట్టి అనవసరపు పరీక్ష రాస్తే లాభం లేదు, షుగరు ముదిరితే జట్టుకే భారం. ఆసుపత్రిలో చేరినవారికి వేరే లెక్క. జబ్బును బట్టి, తీవ్రతను బట్టి ఒక్కో కేసుకు పాయింట్లు. దీన్నే డీఆర్‌జీ పద్ధతి అంటారు. అయితే ఐపీకి, అంటే ఇలా చేరినవారికి, ఉండే మొత్తం నిధి ముందే గిరిగీసి ఉంటుంది. అన్ని ఆసుపత్రుల పాయింట్లు కూడి, ఆ నిధిని వాటితో భాగిస్తే ఒక పాయింటు విలువ తేలుతుంది. అందరూ కేసులు పెంచేస్తే పాయింటు విలువ పడిపోతుంది. ఎవరో ఒక ఆసుపత్రి దొంగ కేసులు వేస్తే మిగతావాళ్ళకే నష్టం కాబట్టి, ఆడిట్ ఉండటం ఆసుపత్రులకే అవసరమవుతుంది. మన ప్యాకేజీ పద్ధతిలో ఈ పైకప్పు లేదు. అందుకే ఏడాది చివర్లో బడ్జెట్ అయిపోయి బకాయిలు పడతాయి.

తలసరి పద్ధతికీ దాని జబ్బు దానికుంది. మనిషి రాకపోయినా డబ్బొస్తుంది గనక, రాకుండా చేసుకోవాలనిపిస్తుంది. కష్టమైన కేసును పైకి తోసేయాలనిపిస్తుంది. ఆ జబ్బుకు మందుగా పై ఆసుపత్రికి పంపితే ఆ ఖర్చు కొంత కింది జట్టే భరించేలా పెట్టాలి, పాలనాధికారులు వరుసగా లెక్క చూడాలి. నెల జీతం పద్ధతికి ఇంకో జబ్బు, అది మన పీహెచ్‌సీల్లో, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, అందరికీ తెలిసిందే: ఎంతమందిని చూసినా అదే జీతం. నిఖార్సైన పద్ధతి ఏదీ లేదు. ఒకదాని చెడును ఇంకొకటి కాయాలి, అందుకే కలిపి వాడతారు.

ఇంకో సంగతి, థాయ్‌లాండ్ 2001లో హఠాత్తుగా ఇది చేయలేదు. డాక్టర్లు కొంతకాలం గ్రామాల్లో పనిచేసి తీరాలన్న నిబంధన 1970ల నుంచే ఉంది. 1980ల్లో పట్నం ఆసుపత్రుల కొత్త కట్టడాలు ఆపి ఆ డబ్బు జిల్లాల్లోని చిన్న ఆసుపత్రులకు మళ్ళించారు. కార్డు పంచేనాటికి కార్డు పట్టుకుని వెళ్ళడానికి ఒక చోటు ఉంది. మన ఏజెన్సీ గ్రామం చేతిలో 25 లక్షల కార్డు పెట్టినా, అది చెల్లే ఆసుపత్రి విశాఖపట్నంలో ఉంటే, దారిలోనే సగం వైద్యం ఆలస్యమవుతుంది.

పోనీ బ్రిటన్ సంగతి. 1948 జులై 5న మొదలైన ఎన్‌హెచ్‌ఎస్, అంటే అక్కడి ప్రభుత్వ వైద్య సేవ, గురించి మనవాళ్ళకు రెండు రకాలుగా తెలుసు. అక్కడ పనిచేసే తెలుగు డాక్టర్లు, నర్సుల ద్వారా ఒకటి, చదువుకు వెళ్ళిన పిల్లల ద్వారా ఇంకొకటి. వీసాతోపాటు ఏడాదికి 776 పౌండ్ల హెల్త్ సర్‌చార్జి కట్టి, మోకాలి నొప్పికి నెలలు ఆగాల్సొస్తే పిల్లలకు కోపం రావడం న్యాయమే. జీపీ పంపిన రోగుల్లో 92 శాతంమందికి 18 వారాల్లోపు చికిత్స మొదలవ్వాలన్నది అక్కడి లక్ష్యం, 2016 నుంచి అది నెరవేరలేదు. ప్రభుత్వ వైద్యాన్ని వ్యతిరేకించేవారికి ఇది పెద్ద ఆయుధం, దాన్ని కొట్టిపారేయడానికి లేదు. అయితే వరుస ఎందుకు పెరిగిందో కూడా చూడాలి. జనాభాకు తగ్గ పడకలు తక్కువ, అవి ఎప్పుడూ నిండే ఉంటాయి. జబ్బు నయమైన ముసలివారిని ఇంటి దగ్గర చూసుకునే ఏర్పాటు స్థానిక సంస్థల బాధ్యత, అక్కడ నిధుల్లేవు. వాళ్ళు మంచం ఖాళీ చేయరు, అత్యవసర విభాగంలోని రోగికి పైన మంచం దొరకదు, అంబులెన్సు బయటే నిలబడిపోతుంది. పడకలన్నీ అత్యవసర కేసులకే పోతే మోకాలి ఆపరేషను వాయిదా పడుతుంది. కాబట్టి వరుసకు మూలం ఆపరేషన్ థియేటర్లో లేదు. మనకు దాంట్లో పాఠం ఉంది: అందరికీ ఇస్తామన్నప్పుడు వరుస తప్పదు, అది అవసరాన్ని బట్టి నడవాలా, జేబును బట్టి నడవాలా అన్నదే తేల్చుకోవాల్సింది. మన దగ్గర వరుస కనబడదు. ఎందుకంటే డబ్బులేనివాడు వరుసలోకే రాడు.

సరే, మాత్ర దగ్గరికి వద్దాం. నిజమైన యుద్ధం అక్కడుంది. ఒక లెక్క వేద్దాం, అంచనాగానే. మైదాన ప్రాంతంలో ఒక పీహెచ్‌సీ కింద 30,000 జనాభా. ముప్ఫై దాటినవారు సగం అనుకుంటే 15,000. వారిలో నలుగురికి ఒకరికి బీపీ అనుకుంటే 3,750. అందులో సగమే మన దగ్గరకొస్తారనుకున్నా దాదాపు 1,900 మంది. అమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర 5 మిల్లీగ్రాములది రోజుకొకటి చొప్పున నెలకు 57,000 మాత్రలు. మూడోవంతు మందికి అది చాలక టెల్మిసార్టాన్ 40 అనే ఇంకో బీపీ మాత్ర కలపాల్సొస్తే ఇంకో 19,000. ఒక్క బీపీకే. షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ దీనికి అదనం. తెలంగాణతో సహా కొన్ని రాష్ట్రాల్లో మొదలైన జాతీయ బీపీ నియంత్రణ కార్యక్రమంలో పద్ధతి ఇదే: డాక్టరుకో రకం బ్రాండు కాకుండా అందరికీ ఒకే వరుస మందులు, నెలకోసారి కొలవడం, 140/90 లోపలికి రాకపోతే తర్వాతి మెట్టు ఎక్కడం. రకాలు తక్కువైతే కొనడం తేలిక, నిల్వ తేలిక, లెక్క తేలిక.

మరి ఎందుకు అయిపోతాయి? ఇండెంటు, అంటే ఎన్ని మందులు కావాలో అడిగే కాగితం, పెట్టే తీరు వల్ల. గత మూడు నెలల్లో ఎంత వాడారో చూసి తర్వాతి మూడు నెలలకు అడుగుతారు. మధ్యలో నెలరోజులు స్టాకు లేకపోతే ఆ నెల వాడకం సున్నా. సగటు పడిపోతుంది, ఇండెంటు తగ్గుతుంది, తర్వాతిసారి ఇంకా ముందే అయిపోతుంది. కాగితం మీద చూస్తే ఆ ఊళ్ళో బీపీ తగ్గిపోయినట్టే ఉంటుంది. ఇండెంటు వాడకాన్నిబట్టి కాక నమోదైన రోగుల సంఖ్యనుబట్టి వేస్తే ఈ మెలిక విడిపోతుంది. స్టాకు తక్కువున్నప్పుడు ఫార్మసిస్టు నెలకు బదులు పది రోజుల మాత్రలిస్తాడు. న్యాయమైన పనిలాగే కనిపిస్తుంది. కానీ రోగి నెలకు మూడు కూలిరోజులు పోగొట్టుకోవాలి. రెండుసార్లు వస్తారు, మూడోసారి రారు. టెల్మిసార్టాన్ విషయంలో ఇంకో చిన్న మాట: అది తేమ పీల్చుకునే మందు, స్ట్రిప్పులోంచి తీసి కాగితం పొట్లంలో ఇవ్వకూడదు. ఇచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

తమిళనాడు దీన్ని 1990ల్లోనే పట్టుకుంది. 1994లో మందుల కొనుగోలుకు ఒక కార్పొరేషన్ పెట్టి, జిల్లాల్లో గోదాములు కట్టి, ప్రతి ఆసుపత్రికీ ఒక పాస్‌బుక్కు ఇచ్చింది. ఏడాదికి ఇంత విలువ మందులు నీవి, నీకు కావలసినవి గోదాములో తెచ్చుకో, పాస్‌బుక్కులో తగ్గించుకుంటాం అని. పైనుంచి ఎవరో పంపిన పెట్టెలు విప్పే పని తప్పింది. స్ట్రిప్పు మీద ప్రభుత్వ ముద్ర కొట్టించారు, బయట అమ్మితే దొరికిపోతారు. ప్రతి బ్యాచి నమూనా తీసి కంపెనీ పేరు కనబడకుండా కోడు వేసి ల్యాబుకు పంపి, సరేనన్నాకే పంపిణీ. ఇందులో గొప్ప సాంకేతికత ఏమీ లేదు. సరఫరాదారుకు సకాలంలో డబ్బివ్వడం, టెండర్లో వేలు పెట్టకుండా ఉండటం, ఈ రెండూ ఉండాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ మందుల కార్పొరేషన్లు ఉన్నాయి. భవనాల కాంట్రాక్టులు కూడా వాటి నెత్తినే పెట్టాం, దృష్టి ఎటు పోతుందో చెప్పక్కర్లేదు.

డబ్బెక్కడిదన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది. 2017 జాతీయ ఆరోగ్య విధానం, 2025 నాటికి ప్రభుత్వాల వైద్య ఖర్చు జీడీపీలో 2.5 శాతానికి చేరాలంది. 2021-22లో కోవిడ్ ఖర్చు కలిపినా 1.84 శాతం దగ్గరే ఉంది. 1946లో దేశ వైద్య వ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ, డబ్బు కట్టలేకపోయినంత మాత్రాన ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదని రాసిననాటి నుంచి కొరత ఇక్కడే. పెరిగే ప్రతి రూపాయిలో ముందు వాటా కింది మెట్టుకు వెళ్ళాలన్నది నా పక్షం. పెద్ద ఆపరేషన్ల పథకం ఎత్తేయమని కాదు.

ఇక మన ముందున్న నిర్ణయం. 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం పేద, ధనిక తేడా లేకుండా దాదాపు అన్ని కుటుంబాలకూ కొత్త విధానం ఆమోదించింది. రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ, ఆ పైన పేద కుటుంబాలకు 25 లక్షల దాకా ట్రస్టు. 2007లో మొదలుపెట్టి వదిలేసిన బీమా దారి మళ్ళీ తెరుచుకుంటోందన్నమాట. ఇది మంచిదా చెడ్డదా అన్నది పేరులో లేదు, కంపెనీతో చేసుకునే ఒప్పందంలో ఉంది. అందులో చూడాల్సినవి కొన్ని చెబుతాను. ప్రీమియంలో కనీసం ఎంత శాతం క్లెయిములకు ఖర్చుపెట్టాలి, మిగిలితే వెనక్కివ్వాలా? క్లెయిమును తిరస్కరిస్తే అప్పీలు వినేది కంపెనీయా, బయటి డాక్టర్లా? అనుమతికి గడువు దాటితే ఇచ్చినట్టే లెక్కా, లేక ఆసుపత్రి ఎదురుచూడాలా? రెండున్నర లక్షల గీత దగ్గర కేసు కంపెనీనుంచి ట్రస్టుకు మారేటప్పుడు మంచం మీదున్న రోగికి కాగితం ఎవరు చూస్తారు? పెద్ద బిల్లులు ట్రస్టు నెత్తిన పడతాయి కాబట్టి, చిన్నదాన్ని పెద్దది చేసి గీత దాటించే ఆశ ఆసుపత్రికీ ఉంటుంది, కంపెనీకీ ఉంటుంది. దాన్ని కాసే ఆడిట్ ఎవరిది? చివరిది, ఓపీ మందులు అందులో ఉన్నాయా? ఒప్పందం ప్రతి సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. అడిగేటప్పుడు ధరల అనుబంధం కూడా కావాలని విడిగా రాయండి, లేకపోతే ముందు పేజీలు మాత్రమే పంపుతారు.

ప్రశ్నలుంటే చెప్పండి. మైకు వెనక వరుసకు కూడా అందేలా చూడండి.